రాయి తీసే మనిషి

కొండ మీద ఒక ఊరు ఉంది. ఆ ఊరికి ఒక చిన్న లారీ ఉంది. అది కదలదు.

ఒకప్పుడు కదిలేది. సంత రోజున తెల్లవారుతూనే అల్లం బస్తాలు, పనసకాయలు, అనాసపళ్ళు, కొండచీపుర్ల కట్టలు వేసుకుని ఘాటురోడ్డు దిగేది. పొద్దుగూకే వేళకి ఉప్పు, నూనె, చీరలు, సంతలో విన్న కబుర్లు వేసుకుని ఘాటు ఎక్కేది. ఊరివాళ్ళు దాన్ని మా లారీ అనేవారు. నిజానికి అది డ్రైవరుది. అయినా ఆ మాటకి డ్రైవరు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. మంచి మనిషి.

లారీకి రెండు లోపాలుండేవి. తాళం తిప్పితే ఇంజను పలకదు. చేతిబ్రేకు లాగితే పట్టదు. అందుకని డ్రైవరు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సాయంత్రం కొండ ఎక్కగానే లారీని తిప్పి, వాలు మొదట్లో, ముక్కు లోయ వైపు ఉండేలా నిలబెట్టేవాడు. గేరులో ఉంచి దిగి, ముందు చక్రం కింద ఒక నల్లరాయి పెట్టేవాడు. ఊరంతా చూస్తుండగా, పసిపిల్ల తల కింద దిండు సర్దినట్టు పెట్టేవాడు. ఆ రాయి పెడితేనే ఊరికి పొద్దుపోయినట్టు.

పొద్దున్న ఆ రాయి తియ్యాలి. తీస్తే లారీ వాలులోకి జారుతుంది. జారుతుండగా డ్రైవరు క్లచ్చి వదులుతాడు. ఇంజను కాసేపు దగ్గి, కాసేపు తుమ్మి, చివరికి అందుకుంటుంది. ఇక మధ్యలో ఆగకూడదు, ఆగితే ఇంజను చచ్చిపోతుందని డ్రైవరు భయం. అంచేత రాయి తీసిన మనిషి లారీ ఎక్కే ప్రశ్నే లేదు. తీసిన మనిషి పైన ఉండిపోవాలి.

రాయి తీసే మనిషి డ్రైవరు భార్య.

ఆమెని ఎవరూ నియమించలేదు. తాళానికి ఇంజను పలకడం మానేసిన కొత్తలో, ఒక సంత నాడు, డ్రైవరు సీట్లో కూర్చుని అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఉన్నది ఆమె. గునపం అందుకుని రాయిని మీటింది. లారీ వెళ్ళిపోయింది. మరుసటి సంతకీ అంతే. ఆ తర్వాత అది ఆచారమైపోయింది. ఆ లారీ ఎక్కని ప్రాణి ఊళ్ళో లేదు, మేకలతో సహా. ఆమె ఒక్కతే ఎక్కలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. చాలాకాలం ఆమెకీ తట్టలేదు.

ఒక వానాకాలం డ్రైవరుకి జ్వరం తగిలింది. సంత నుంచి వచ్చి, లారీ నిలబెట్టి, రాయి పెట్టి, ఇంట్లోకి వెళ్ళి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

డ్రైవరు తల్లి వచ్చి ఆ రాయి పక్కన కూర్చుంది. "నా కొడుకు ఆకరిపాలి సేత్తో ముట్టింది ఈ రాయే. దీన్ని ఎవులూ కదపొద్దు," అంది.

దుఃఖంలో ఉన్న మనిషి మాట ఎవరు కాదంటారు? ఊరు సరేనంది. దుఃఖం తగ్గాక అడుగుదామనుకున్నారు. అది తగ్గిందో లేదో పైకి తెలిసేది కాదు కనక అడగలేదు. అలాగే ఏళ్ళు గడిచిపోయాయి.

ముసలమ్మ రోజూ సాయంత్రం వచ్చేది. రాయిని నీళ్ళు పోసి కడిగేది. రాయికి ఒక పక్క చిన్న గాడి ఉండేది, అందులో ఒక బంతిపువ్వు పెట్టేది. లారీ వైపు మాత్రం చూసేది కాదు. లారీ మీదికి గుమ్మడి పాదు పాకింది. సీట్లో కోడి గుడ్లు పెట్టింది. చక్రాలు నేలలోకి దిగబడ్డాయి. ఊళ్ళో పుట్టిన పిల్లలు లారీ అంటే గుమ్మడికాయలు కాసేదనుకున్నారు.

జనం లేనప్పుడు లారీ, రాయి మాట్లాడుకునేవి.

"నన్ను ఎప్పుడు వదులుతావు?" అని అడిగేది లారీ.

"నేను లేకపోతే నువ్వీపాటికి లోయలో ఉండేదానివి," అనేది రాయి.

"నువ్వు లేకపోతే నేనీపాటికి సంతలో ఉండేదాన్ని."

"నా పని ఆపడం. ఎందుకని నన్నడిగితే ఎలా చెప్పను? రాయిని కదా."

రాయి మాటలో అబద్ధం లేదు. దానికి లారీ మీద కోపమూ లేదు, పగా లేదు. పెట్టిన చోట ఉండడం తప్ప దానికి వేరే గుణం లేదు. మనుషుల్లో ఆ గుణాన్ని మనం బాగా మెచ్చుకుంటాం.

లారీ ఆగిపోయాక ఊరి సరుకు ఊరి తలల మీదికి ఎక్కింది. కొండచీపుర్లు తేలికే. అల్లం ఎలాగో మొయ్యొచ్చు. అనాసపళ్ళు బరువు, పైగా బొత్తిగా ఓపిక లేని పళ్ళు. పండితే అన్నీ ఒక్కసారే పండుతాయి, కాస్త ఆలస్యమైతే కుళ్ళిపోతాయి. డ్రైవరు భార్యకున్నది అనాస తోటే. ప్రతి పంటకీ బుట్టలు నెత్తిన పెట్టుకుని ఘాటు దిగి, ఎక్కి, మళ్ళీ దిగి, ఆమె మెడ పట్టుకుపోయింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, పొద్దున్నపూట గిన్నె పట్టుకుంటే జారిపోయేది. మొయ్యలేని పళ్ళ కోసం షావుకారు మనిషి కొండెక్కి వచ్చేవాడు. పండు వాసన చూసి, పెదవి విరిచి, తనకి తోచిన ధర చెప్పేవాడు. కుళ్ళబెట్టుకోవడం కంటే నయమని ఇచ్చేసేది.

ఒక ఏడు, అనాస మొక్కలు పూతకొచ్చిన వేళ, ఆమె అత్త ముందు కూర్చుంది.

"అత్తా, ఈ పంటకి లారీ దిగాల. అది దిగకపోతే నానే దిగిపోతాను. కింద జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనుందంట. నా మెడ ఇంక మొయ్యలేదు."

ముసలమ్మ లెక్క వేసుకుంది. కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది తామిద్దరే. కోడలు దిగిపోతే తనకి మిగిలేది రాయి ఒక్కటే. రాయితో ఎన్ని కబుర్లైనా చెప్పుకోవచ్చు కానీ అది చలి వేస్తోందా అని అడగదు. ముసలమ్మకి కోడలంటే ప్రాణం. ఆ మాట ఎప్పుడూ నోటితో చెప్పలేదు, అది వేరే సంగతి.

"బండి బాగు సేయించుకో," అంది చివరికి. "రాయి మాత్రం ముట్టుకోకు."

కోడలు అత్త మొహంలోకి చూసింది. చక్రం కింద రాయి ఉండగా లారీ ఎలా దిగుతుందని అడగొచ్చు. అడిగితే ఒప్పుకున్న సగం కూడా పోతుంది. "అలాగేలే," అని లేచింది.

కింద సంత పక్కన బళ్ళు బాగుచేసే షెడ్డు పెట్టుకున్న మేస్త్రీని పిలుచుకొచ్చింది. మేస్త్రీ మాటలు తక్కువ, టీలు ఎక్కువ. లారీ చుట్టూ తిరిగాడు, చక్రాలు తన్ని చూశాడు, ముందు మూత ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"ఎలకలు కాపరం పెట్టినాయి. వైర్లన్నీ తినీసినాయి. ఇంజను మాత్రం బిగుసుకోనేదు. ఆశుంది అమ్మా," అన్నాడు.

పని మొదలైంది. ముందు గుమ్మడి పాదుని పిందె రాలకుండా పక్కకి మళ్ళించారు. కోడిని ఒప్పించి సీటు ఖాళీ చేయించారు. ట్యాంకు అడుగున డీజిలు బంకలా పేరుకుంది. మేస్త్రీ ట్యాంకు దింపి, అందులో గులకరాళ్ళు పోసి, అటొకరినీ ఇటొకరినీ పట్టుకోమని ఊపించాడు. తుప్పు ఎర్రనీళ్ళలా కారింది. గొట్టాలు నోటితో ఊది, ఉమ్మి, మళ్ళీ ఊదాడు. వైర్లు కొత్తవి లాగాడు. బ్రేకులు విప్పి, కడిగి, కొత్త ఆయిలు పోశాడు.

ఊరు కూడా తలో చెయ్యీ వేసింది. అల్లం పండించే ఆయన తన ఇంట్లో దీపాలకి వాడుకునే బ్యాటరీ ఇస్తానన్నాడు. "ముందు సీట్లో కూకుంటాను మరి," అని కూడా అన్నాడు. చీపుర్లు కట్టే ఆవిడ చిరిగిన సీటులో బూరుగు దూది కూరి, మందపాటి దారంతో కుట్టింది. కుడుతూ కుడుతూనే కిటికీ పక్క చోటు తనదని చెప్పింది. మిగతావాళ్ళు తాళ్ళు తెచ్చారు, పలకలు తెచ్చారు, టైర్లు కింది నుంచి దొర్లించుకుంటూ తెచ్చారు. తెచ్చిన ప్రతివాళ్ళూ వెనక తొట్టిలో తమకో మూల చూసిపెట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు. అన్నేళ్ళు నడిచిన కాళ్ళు అవి.

రాయి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాడు మేస్త్రీ.

"ఈ రాయి తీసెస్తే ఓపాలి ముందుకి జరిపి సూస్తాను," అన్నాడు.

అక్కడున్నవాళ్ళందరికీ ఉన్నట్టుండి చెట్ల మీద పిట్టలు కనిపించాయి. ముసలమ్మ రాయి మీద చెయ్యి వేసింది. మేస్త్రీకి విషయమేమిటో అర్థం కాలేదు కానీ విషయం ఉందని అర్థమైంది. ఏ ఊరికి ఆ ఊరి పట్టింపులుంటాయని అతని అనుభవం. రాయి జోలికి పోకుండా దాని చుట్టూ పని చేసుకున్నాడు.

"సరే, మరి తోలేదెవులు?" అని అడిగాడు.

"నానే," అంది డ్రైవరు భార్య.

లారీ సామాన్ల కోసం పని ఆగిన రోజుల్లో ఆమె కిందికి వెళ్ళి, ఖాళీగా ఉన్న సంత మైదానంలో, మేస్త్రీ షెడ్డులోని పాత బండి మీద నేర్చుకుంది. మొదట్లో మైదానంలో కుక్కలు ఆమెని చూడగానే పారిపోయేవి. పోనుపోను పారిపోవడం మానేసి, పడుకున్న చోటి నుంచి కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకునేవి. అంటే నేర్చుకుందన్నమాట.

ఆ బండి తాళం తిప్పగానే మోగేది. ఆమె అది గమనించకపోలేదు. పరాయి బండి గుణం పరాయి బండిదనుకుంది. కొన్ని ఆవులు పొదుగు మీద చెయ్యి పడగానే పాలు చేపుతాయి, కొన్నిటికి దూడని వదలాలి. తమ బండికి రాయి తియ్యాలి. ఇన్నేళ్ళ అలవాటులో అది లారీ స్వభావమే అయిపోయింది. బాగుచేయించుకోగల లోపమని అనుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది.

పళ్ళు పండాయి. సంత ముందు రోజు ఊరంతా అనాస తోటలో ఉంది, పళ్ళు కోస్తోంది. లారీ దగ్గర మిగిలింది బ్యాటరీ బిగిస్తున్న మేస్త్రీ, రాయి పక్కన కూర్చున్న ముసలమ్మ. ఉన్నట్టుండి కొండ అవతలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. కాసేపు దగ్గు లాంటిది. ఆ తర్వాత ఆగకుండా, నిండుగా.

కత్తులు ఆగిపోయాయి. "మోగింది," అంది చీపుర్లావిడ. డ్రైవరు భార్య అనాస మొక్కల మధ్యనే కూలబడి ఏడ్చింది. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆమెకి తెలియలేదు. అంత సంతోషం ఆమెకి ఎన్నేళ్ళుగానో లేదు.

మేస్త్రీ ఎలా మోగించాడని మాత్రం ఒక్కరూ అడగలేదు. మేస్త్రీల విద్యలు మేస్త్రీలకుంటాయి అనుకున్నారు. ఇంజను మోగడం వేరు, లారీ బయల్దేరడం వేరు. బయల్దేరడమంటే రాయి తియ్యడం. ఆ ఊళ్ళో చంటిపిల్లలకి తప్ప అందరికీ తెలిసింది అదే. మేస్త్రీ తాళం తిప్పడం కళ్ళారా చూసింది ముసలమ్మ ఒక్కతే. ఆమెకి అందులో వింతేమీ కనిపించలేదు. ఎప్పుడో ఒకటి రెండుసార్లు తొట్టిలో బస్తాల మధ్య కూర్చుని సంతకి పోయిందే కానీ, లారీ బయల్దేరే తీరు ఆమె చూడలేదు, పొద్దున్నపూట పొయ్యి పని ఆమెది. ఆమె ఎరిగింది సాయంత్రాలే.

సంత రోజు తెల్లవారింది. తొట్టి నిండా గడ్డి పరిచి అనాసపళ్ళు పేర్చారు. అల్లం బస్తాలెక్కాయి, చీపురు కట్టలెక్కాయి, వాటి మీద మనుషులెక్కారు. అల్లం ఆయన ముందు సీట్లో మెడకి కొత్త తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. పక్కన కిటికీ దగ్గర చీపుర్లావిడ. స్టీరింగు ముందు డ్రైవరు భార్య. ముసలమ్మ నేల మీద, రాయి పక్కన.

అందరూ ఎక్కాక, ముందు చక్రం వైపు మెడలు చాచి కూర్చున్నారు. ఎవరి కోసమో చూస్తున్నట్టుంది.

"మరి రాయెవులు తీస్తారు?" అని తొట్టిలోంచి ఒక గొంతు అడిగింది.

అల్లం ఆయన ముందుగా చెప్పాడు. "బ్యాటరీ నాదిరా. నా బ్యాటరీ ఎల్తంటే నానుండిపోతానా?"

"నా మోకాలు సంగతి మీకు తెల్దేటి? ఓపాలెక్కినాక ఇంక దిగలేను," అంది చీపుర్లావిడ.

ఒకాయన కింద చెల్లెల్ని చూడాలన్నాడు. ఒకావిడ పన్ను పీకించుకోవాలంది. అన్నీ నిజమైన కారణాలే. ఒక్కరు దిగితే చాలు, కానీ ఆ ఒక్కరు కావడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎండ కొండ అంచు దాటింది. తొట్టిలోంచి పండిన అనాస వాసన రావడం మొదలైంది. ఆ వాసన వచ్చిందంటే పళ్ళు ఇక ఎక్కువసేపు ఆగవని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

అల్లం ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎప్పుడూ తీసే మనిసి ఉండగా మనకెందుకీ గొడవ? వదినే తీసేస్తాది. నాను ట్రాకటరు తోలినోన్నే గదా, లారీ నాను తోల్తాను. వదినా, పళ్ళు జాగర్తగా అమ్మి పెడతాంలే. నీకు అలవాటైన పనే."

ఆ మాట అందరికీ సబబుగా తోచింది. తొట్టిలో తలలూగాయి. డ్రైవరు భార్యకి ఏమైనా అనాలని తట్టేలోపే ఆమె కాలు నేలని తాకింది. కాలికి దారి తెలుసు. దిగి, వెనక నుంచి గునపం తీసుకుని, ముందు చక్రం దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు. దుఃఖం కూడా లేదు. ముసలమ్మకి అది చూసే భయం వేసింది.

"ఒక్కపాలి లెగు అత్తా. కాలి మీదికొస్తాది," అంది కోడలు మెల్లగా.

ముసలమ్మ లేవలేదు. కోడలు చక్రానికి పక్కగా నిలబడి, రాయి వైపు చూడకుండానే గునపం దించింది. గునపం మొన వెళ్ళి రాయికున్న గాడిలో కూర్చుంది. సరిగ్గా అందులోనే కూర్చుంది. బంతిపువ్వు నలిగి కింద పడింది.

ముసలమ్మ గునపం వైపు చూసింది, గాడి వైపు చూసింది.

"ఈ గాడి నీదేటి?"

"గునపం ఆనే చోటది అత్తా. ఆని ఆని అలగయిపోనాది."

"నా కొడుకు సెయ్యి పడి అరిగినాదనుకున్నాను," అంది ముసలమ్మ. "ఇన్నేళ్ళూ దీంట్లోనే పువ్వెట్టినాను."

కోడలు గునపం మొనని గాడిలోంచి పైకి తీసి, పట్టుకుని అలాగే నిలబడింది.

ముసలమ్మ రాయిని పట్టుకుని లేచింది. కోడలి చేతుల్ని చూసింది, గునపం పట్టిన చోట అరచేతుల్లో మొద్దుబారిన కాయల్ని చూసింది. ఆ చేతులు తనకి రోజూ అన్నం పెట్టిన చేతులే. "సాయింత్రం ఎట్టినోన్నే సూసినాను. పొద్దున్న తీసినదాన్ని సూడనేదు," అంది. అని, గునపం లాక్కుంది. "నువ్వెక్కు. నీ సీట్లో నువ్వు కూకో. నానే తీస్తాను, నానే ఉండిపోతాను."

తొట్టిలో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అల్లం ఆయన తన చోటికి జరిగాడు. కోడలు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

మేస్త్రీ కూడా ఆ లారీలోనే కిందికి పోవాలి. దారి పక్కన నిలబడి టీ తాగుతూ ఇదంతా చూస్తున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక దగ్గరికి వచ్చాడు.

"ముందలే రాయెందుకు తీస్తన్నారు? ఇంజను ఏసుకున్నాక తియ్యండి."

అందరూ నవ్వారు. కొండ బండి సంగతి కింది మేస్త్రీకేం తెలుసు? అల్లం ఆయన ఓపిగ్గా చెప్పాడు. రాయి తియ్యాలి, బండి జారాలి, అప్పుడు ఇంజను అందుకోవాలి, తీసిన మనిషి పైన ఉండిపోవాలి, ఇది మొదట్నుంచీ ఉన్నదే.

మేస్త్రీ అంతా విన్నాడు. "సెల్ఫ్ పనిసేస్తంది గదా," అన్నాడు. "నిన్న నాను తాళం తిప్పే గదా మోగించినాను. సేతిబ్రేకు కూడా బిగించినాను. మీకు ఇనపడనేదా?"

ఎవరూ నవ్వలేదు.

"ఏటి పోయింది దాంట్లో?" అని అడిగింది డ్రైవరు భార్య.

"పెద్దదేటీ కాదమ్మా. లోపల చిన్న చిన్న బొగ్గుముక్కలుంటాయి. అరిగిపోనాయి. మార్చినాను."

"సేనా పనా?"

"టీ తాగినంత సేపు పట్టుంటాది."

ఆమె తాళాన్ని వేలితో తాకింది. "మా ఆయనకి తెలుసా ఇది?"

మేస్త్రీ ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు. చనిపోయిన మనిషి మీద చెప్పడం అతనికి ఇష్టం లేదు. ఆమె అడిగిన తీరు చూసి అబద్ధమాడ్డం కూడా ఇష్టం లేకపోయింది. "తెలుసమ్మా. నా షెడ్డుకొచ్చినప్పుడల్లా అనీవోడు, వచ్చే సంతకి సేయించుకుంటాను మేస్త్రీ అని. పైన తీసే మనిసుందిలే, తొందరేటీ లేదనీవోడు."

డ్రైవరు చెడ్డవాడు కాదు. సంత నుంచి ఆమె కోసం జిలేబీ పొట్లం తెచ్చేవాడు, అది ఎప్పుడూ మర్చిపోలేదు. ఆమె ఒక్కసారి, పెళ్ళైన కొత్తలో, సెల్ఫ్ బాగు చేయించకూడదా అని అడిగితే, అది చాలా పెద్ద పని అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. లారీ కిందికి పోతుంటే దుమ్ములో గునపం పట్టుకుని నిలబడ్డ పొద్దులన్నీ ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చాయి. టీ తాగినంత సేపటి పని. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఉన్నవాళ్ళెవరూ చేసింది కాదు, చేసినవాడు లేడు. కళ్ళు తుడుచుకుని, తాళం తిప్పింది.

ఇంజను మోగింది. లారీ ఉన్నచోటనే ఉంది, రాయి చక్రం కింద అలాగే ఉంది, ఎవరూ ఏమీ తియ్యలేదు, అయినా మోగింది. తొట్టిలో కేరింతలు లేచాయి. అంతవరకూ జరిగిన వాదనంతా ఒక్క క్షణంలో మర్చిపోయారు. మర్చిపోనివాళ్ళు ఇద్దరే.

కోడలు లారీని రవ్వంత వెనక్కి తీసింది. చక్రం రాయిని వదిలింది. గునపంతో పని లేకపోయింది. ముసలమ్మ వంగి, రాయిని రెండు చేతులా పట్టుకుని దారి పక్కకి దొర్లించింది. నడుం పట్టుకుని లేచి, ఆ రాయి పక్కనే నిలబడింది. తీసిన మనిషి ఉండిపోవాలి కదా. మాటిచ్చింది కూడా.

"జాగర్త పెద్దమ్మా, సాయింత్రానికి వచ్చేస్తాం," అని చీపుర్లావిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది.

మేస్త్రీ వెనక ఎక్కాడు. లారీ కదిలింది. వాలులోకి దిగింది. ముసలమ్మ నిలబడి చూస్తోంది. పోతున్న లారీని అలా పై నుంచి చూడడం ఆమెకి మొదటిసారి. మనుషులు చిన్నవాళ్ళవుతారు, దుమ్ము పెద్దదవుతుంది, చప్పుడు పల్చబడుతుంది. ఇదన్నమాట, అనుకుంది. ప్రతి సంతకీ నా కోడలు చూసింది ఇదన్నమాట.

అప్పుడు లారీ ఆగింది.

వాలు మధ్యలో, బాగా ఏటవాలుగా ఉన్న చోట ఆగింది. తొట్టిలోవాళ్ళు గొల్లుమన్నారు. "ఆపకు, ఆపకు, సచ్చిపోతాది," అని అరిచారు. అల్లం ఆయన స్టీరింగు పట్టుకోబోయాడు. డ్రైవరు భార్య అతని చెయ్యి పక్కకి తోసింది, చేతిబ్రేకు గట్టిగా లాగింది.

"మరిదీ, నువ్వెనక్కెల్లి కూకో," అంది.

"ఈ బ్యాటరీ..."

"నీ బ్యాటరీ ఎక్కడికీ పోదు. ఎనక్కెల్లు."

అల్లం ఆయన ఆమె మొహం చూసి దిగాడు. ఇంజను మోగుతూనే ఉంది. ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి, వాలు పైకి చూసి పిలిచింది.

"అత్తా, రా."

ముసలమ్మ తనని కాదనుకుంది. మళ్ళీ పిలిస్తే దిగడం మొదలుపెట్టింది. చెప్పుల్లేని కాళ్ళతో, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, గులకలో జారుతూ, నిలదొక్కుకుంటూ వచ్చింది. రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ లారీ ఆగే ఉంది, అంతసేపూ ఇంజను మోగుతూనే ఉంది, తొట్టిలోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని పై నుంచి రాయి అడిగింది. ఇంజను చప్పుడులో లారీకి వినిపించలేదు.

చీపుర్లావిడ, మోకాలి సంగతి మర్చిపోయి, దిగి ముసలమ్మకి చెయ్యిచ్చింది. ముగ్గురూ ముందు సీట్లో సర్దుకున్నారు. లారీ మళ్ళీ కదిలింది.

మలుపులొకటొకటే దాటాయి. కింద సంత మైదానం కనిపించింది, డేరాలు వేస్తున్నారు. ముసలమ్మ పెదవులు కదుపుతూ ఏదో మాట కూడగట్టుకుంటున్నట్టుంది.

"ఒక్కనాడైనా ఆపుండాల్సింది ఆడు," అంది.

కొడుకు పోయిన తర్వాత ఆమె నోట అతని మీద తప్పు మాట రావడం అదే మొదలు. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో కోడలికి తెలుసు.

"ఆపితే ఇంజను సచ్చిపోతాదని బయం అత్తా ఆయనికి," అంది.

ముసలమ్మ కోడలి వైపు తిరిగింది.

"మరి నీకు బయమెయ్యలేదేటి?"

"ఏసింది," అంది కోడలు. "అయినా ఆపినాను."